ముందుకు జరిపిన గడియారం

మా ఆసుపత్రిలో నన్ను ఎవరూ పేరుతో పిలవరు. "టైము సార్" అంటారు. ఎదురుగా గౌరవంగానే అంటారు, నేను మలుపు తిరిగాక నవ్వుకుంటారు. నవ్వుకోనీ. తిరుపతిలో ఇంత పెద్ద ఆసుపత్రిలో అన్ని అంతస్తుల్లో ఉన్న కంప్యూటర్లూ ఒకే టైము చూపించేలా కాపలా కాయడం నా ఉద్యోగంలో ఒక భాగం. మిగతా పనులు కూడా తక్కువేం కాదు. వైర్లు లాగించాలి, తెగిన చోటు వెతకాలి, ఇంటర్నెట్ రాలేదని డాక్టర్లు అనే మాటలన్నీ పడాలి. కానీ నా ప్రాణం మాత్రం ఈ టైము మీదే ఉంటుంది. ఏదో మూల ఒక కంప్యూటరు రెండు నిమిషాలు తప్పు చూపిస్తోందని తెలిస్తే నాకు అన్నం సయించదు. "నాకు జరమొచ్చినా నువ్వు ఇన్నితూర్లు సూడలే" అని మా ఇంటావిడ దెప్పుతూ ఉంటుంది.

కంప్యూటరులో టైము దానంతట అదే సరిగ్గా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఎక్కడుంటుంది? ప్రతి దాని లోపలా చిన్న స్ఫటికం ముక్క ఒకటి ఉంటుంది, అది అదిరే లెక్కన టైము నడుస్తుంది. వేడికి ఒక రకంగా అదురుతుంది, చలికి ఒక రకంగా అదురుతుంది. మా ఊరి ఎండల సంగతి తెలిసిందే కదా. ఏసీ గదిలో ఉన్నది ఒక దారి, ఫార్మసీ కౌంటరు వెనక ఉడికిపోయేది ఇంకో దారి. వాటి మానాన వాటిని వదిలేస్తే కొన్ని నెలల్లో ఒక్కొక్కటి ఒక్కో టైము చెబుతుంది, ఏది నిజమో చెప్పేవాడు ఉండడు.

అందుకని మేడ మీద ఏంటెనా పెట్టి, ఉపగ్రహాల నుంచి టైము పట్టుకునే గడియారం ఒకటి సర్వరు గదిలో ఉంచాము. మిగతావన్నీ మాటిమాటికీ దాన్ని "ఇప్పుడెంత?" అని అడుగుతాయి. జవాబు వైరులో వచ్చేలోపు కూడా కొంచెం కాలం గడిచిపోతుంది కదా. అందుకే అడగడానికీ జవాబు అందడానికీ మధ్య ఎంత పట్టిందో చూసుకుని, అందులో సగం కలుపుకుంటాయి. ఎవరు ఎంత తప్పో తెలుసుకుని మెల్లగా దిద్దుకుంటాయి. మెల్లగానే దిద్దుకోవాలి మరి. ముందుకు పోయిన గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి లాగితే, అప్పటికే జరిగిపోయినట్టు రాసుకున్న పనులన్నీ ఇంకా జరగని పనులైపోతాయి. అందుకని దాని నడక కాస్త తగ్గించి, అసలు టైము వచ్చి కలిసేదాకా ఓపిక పట్టాలి.

ఇదంతా ఎందుకయ్యా అనేవాళ్ళకు నేను ఒకటే చెబుతాను. నేను చేరిన కొత్తలో ఒక ముసలాయనకు రక్తం తీయకముందే రక్తపరీక్ష ఫలితం వచ్చేసింది. వార్డు గడియారం ముందుంది, ల్యాబు గడియారం వెనకుంది, అంతే. ఫలితం ఇంకెవరిదోనని డాక్టరు దాన్ని పక్కన పడేసి మళ్ళీ సూది గుచ్చించాడు. సంగతి చూడమని నన్ను పిలిస్తే పోయి ఆయన మంచం పక్కన నిలబడ్డాను. "ఎన్నితూర్లు తీస్తారు నాయనా, ఉండేదే రవంత" అన్నాడు ఆయన. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ తర్వాతే నాకు ఈ పట్టింపు ముదిరింది.

మా సొంత ఊరు ఐరాల దగ్గర పల్లె. మా ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. చిత్తూరు బస్సు తప్పిపోకూడదని మా నాయన కావాలని అలా పెట్టేవాడు. ముందుందని అందరికీ తెలుసు కాబట్టి అందరం మనసులో పది తీసేసుకుని, నిదానంగా బయల్దేరి, బస్సు పోగొట్టుకునేవాళ్ళం. నాయన రోడ్డు మీద నిలబడి అందరినీ తిట్టేవాడు. మర్నాడు గడియారం మళ్ళీ ముందే ఉండేది. మా వైపు మనుషులకు రెండు టైములతో బతకడం కొత్త కాదు.

ఆసుపత్రిలో నాకు లొంగనిది ఒకటే చోటు, మూడో అంతస్తులో కొత్తగా తెరిచిన ఐసీయూ. అక్కడ ప్రతి మంచం దగ్గరా గుండె గీతలు చూపించే మానిటరు ఉంటుంది. అవన్నీ విడిగా ఒక పెద్ద మిషనుకు కట్టి ఉంటాయి. ఆ కంపెనీ వాళ్ళు మా నెట్‌వర్కును అందులోకి రానివ్వలేదు. వాటి టైము వాటిదే. ఆ టైము బయటి టైముకంటే దాదాపు అరగంట ముందుండేది. ఎందుకు ముందుందో చెబితే బయటివాళ్ళు నమ్మరు, తిరుపతి వాళ్ళయితే నమ్ముతారు.

ఆ ఐసీయూను ఒక సోమవారం పొద్దున తెరిచారు. రాహుకాలం తొమ్మిదికి వెళ్ళిపోతుంది, ఆ వెంటనే మంచి ఘడియ అని పంచాంగం చూసి పెట్టారు. తీరా రిబ్బను కత్తిరించాల్సిన పెద్దమనిషి ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చున్నాడు. ఆయనకు కొండ మీద దర్శనం ఉంది, ఆగడు. ఆగమనే ధైర్యం మా వాళ్ళకు లేదు. రాహుకాలంలో మొదలుపెట్టే ధైర్యం అసలే లేదు. అప్పుడు ఎవరికి తట్టిందో ఏమో, మిషన్ల కంపెనీ నుంచి వచ్చిన మనిషిని పిలిచి గడియారాన్ని తొమ్మిది దాటించమన్నారు. అతను అక్కడే నిలబడి దాటించాడు. ఒక అటెండరును మంచం మీద పడుకోబెట్టి, అతని గుండె గీతను కాగితం మీద తీశారు. ఆ తొలి కాగితం మీద మంచి టైమే పడింది. టెంకాయ కొట్టారు. కాగితానికి పసుపు కుంకుమ పెట్టి, పటం కట్టించి సూపరింటెండెంటు గదిలో తగిలించారు. పెద్దమనిషి కొండెక్కాడు. గడియారాన్ని మళ్ళీ వెనక్కి పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు.

నేను ఆ తేడా కనిపెట్టి, పోయి సూపరింటెండెంటుతో చెప్పాను. ఆయన మంచి డాక్టరు, ఆయన చేయి పడితే చాలని చిత్తూరు నుంచి కూడా జనం వస్తారు. అంతా విని, "ఆ మిషను జోలికి పోవద్దప్పా. పెట్టినప్పటి నుంచీ కలిసొస్తాండాది. దాన్ని కదిలించొద్దు" అన్నాడు. ఇంకో రెండుసార్లు అడిగాను. అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయేది, కానీ ఏం చేయను, అది నా వైరు మీద లేదు. అక్కడి సిస్టర్లు మాత్రం సర్దుకుపోయారు. "ఐసీయూ టైము" అని ఒకటి, "బయట టైము" అని ఒకటి వాళ్ళ నోళ్ళలో నానిపోయాయి. మిషను వైపు చూసి, మనసులో తీసేసుకుని, మిగిలింది రాసేవారు. బస్సు టైముకు మా ఇంట్లో చేసినట్టే.

వాళ్ళిద్దరూ నా దగ్గరికి వచ్చింది ఒక మధ్యాహ్నం, నేను అన్నం డబ్బా తెరుస్తున్నప్పుడు. ఒక ఆడమనిషి, నలభై ఏళ్ళ లోపే ఉంటుంది. వెంట ఆమె తమ్ముడు. ఆమె భర్త ఆటో తోలేవాడు, అంతకు కొన్ని రోజుల ముందే ఆ ఐసీయూలో పోయాడు. ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. తమ్ముడు లోపలికి వచ్చాడు.

"టైము సారు మీరేనా?"

"నా పేరు అది కాదు. ఏం కావాల?"

"మా బావ పోయిన టైము తప్పు రాసినారేమో అని అనుమానంగా ఉండాది సార్. ఆడ గడియారం ముందుకు నడస్తాదంట గదా, వార్డులో ఊడ్సే ఆయమ్మ చెప్పింది. నిజంగా ఎంతకు పోయినాడో మీరే తేల్చి చెప్పాల."

సంగతి మెల్లగా బయటికి వచ్చింది. అలిపిరికి పోయే వైపు ఒక సందులో వాళ్ళది అద్దె ఇల్లు. కింద వీళ్ళు, పైన ఇంటి యజమానురాలు. ముందు గదిలో రెండు పెద్ద గ్రైండర్లు పెట్టుకుని ఈమె ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్ముతుంది. సందులో సగం ఇళ్ళకూ, దగ్గర్లో ఉన్న లాడ్జి క్యాంటీనుకూ పిండి అక్కడి నుంచే పోతుంది. పదో తరగతి చదివే కూతురు ఉంది. భర్త పోయాక ఇక ఆ సంసారం నడవాల్సింది ఆ రెండు గ్రైండర్ల మీదే.

శవాన్ని ఇంటి వాకిట్లోకి తెచ్చినప్పుడు పురోహితుడు పోయిన టైము అడిగాడు. ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చింది సాయంత్రం నాలుగూ పద్నాలుగు. ఆయన పంచాంగం తిప్పి, ఆ రోజు నాలుగు గంటలకు శ్రవణం వెళ్ళిపోయి ధనిష్ఠ వచ్చిందన్నాడు. ధనిష్ఠలో మనిషి పోతే ఆ ఇంటిని ఆరు నెలలు మూసెయ్యాలి, అందులో ఎవరూ ఉండకూడదు. మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. మామూలుగా ఏ పట్టింపూ లేనివాళ్ళు కూడా దీని దగ్గరికి వచ్చేసరికి వెనకాడతారు.

"పోయింది ఆసుపత్రిలో కదా, ఇంటికేం?" అన్నాను.

"మేమూ అదే అడిగినాము సార్. వాకిట్లోకి తెచ్చినారు గదా, దోషం దోషమే అనేసినాడు అయ్యోరు. ఇంటామె బిడ్డ తొలి కాన్పుకొచ్చి పైన ఉండాది. దినం అయ్యేలోపల ఖాళీ చేయండి, నా బిడ్డకు ఏమన్నా అయితే మీరు తెచ్చిస్తారా అని ఏడస్తాది ఆయమ్మ. ఏం చెప్పేది? ఆయమ్మ భయం ఆయమ్మది."

ఖాళీ చేసి ఎక్కడికి పోతారు? కొత్తగా చావు జరిగిన వాళ్ళకు, అందులోనూ ధనిష్ఠ అని తెలిసినవాళ్ళకు, ఇల్లు ఎవరిస్తారు? గ్రైండర్లకు కరెంటు లైను వేయించుకున్నది అక్కడ, వాడుకగా కొనేవాళ్ళు ఉన్నది అక్కడ. ఆరు నెలలు పిండి ఆగితే కొనేవాళ్ళు ఇంకో చోటు చూసుకుంటారు, మళ్ళీ రారు. ఆ గది పోతే పిండి లేదు, పిండి లేకపోతే ఆ పిల్లకు చదువు లేదు. ఇంటామె ఒక మాట మాత్రం ఇచ్చిందట. ఆసుపత్రి వాళ్ళు నాలుగుకు ముందే పోయాడని రాసిస్తే చాలు, శ్రవణానికి ఏ దోషమూ లేదు కాబట్టి ఉండిపోవచ్చు.

నాకు మొదట కోపమే వచ్చింది. ఉపగ్రహాల నుంచి టైము పట్టుకొచ్చేవాడి దగ్గరికి వచ్చి నక్షత్రం అడుగుతారా? ఇదంతా చాదస్తం అనబోయాను. తలుపు దగ్గర ఆమె చీర కొంగును రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి పిండి నీళ్ళలో నాని ఆ వేళ్ళు పాలిపోయి ఉన్నాయి.

తమ్ముడు నా బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "సార్, మూడున్నర అని రాపిచ్చేయండి సార్. ఎవురు అడగతారు? ఒక కొంప నిలబెట్టినోళ్ళు అయితారు."

అదిగో, అక్కడ నాకు కోపం నషాళానికి అంటింది. "టైము నేను తయారు చేయనప్పా. సూసి చెప్తా, అంతే. నాలుగు దాటింటే దాటిందనే చెప్తా. ఇష్టముంటే కూసో, లేకుంటే పో."

అప్పుడు ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"నిజమే చెప్పండి సార్. ఏదైతే అది."

అన్నం డబ్బా మూసేసి మూడో అంతస్తుకు పోయాను. అతను పోయిన రోజు పనిలో ఉన్న సిస్టరే ఆ పూట కూడా ఉంది. చిత్తూరు దగ్గర పల్లె మనిషి, చేయి నెమ్మది, నోరు ఇంకా నెమ్మది. చెప్పగానే గుర్తుపట్టింది.

"ఆ పొద్దు వచ్చింది కొత్త డాక్టరు సార్. ఆ పిల్లోడికి మన ఐసీయూ టైము సంగతి తెలీదు. గీత తీసినాడు, కాగితం మింద ఎంత పడిందో అంత రాసేసినాడు. నేను పక్క మంచం కాడ ఉన్న్యా, సూసుకోలే. సూసింటే చెప్పిందును."

మనిషి పోయాడని ఖాయం చేసుకోవడానికి గుండె గీతను కాగితం మీద తీస్తారు. గీత ఎగుడుదిగుళ్ళు లేకుండా తిన్నగా వస్తే అయిపోయినట్టే. ఆ కాగితం మీద పడిన టైమే పోయిన టైము. అలవాటు కొద్దీ సిస్టర్లు మనసులో తీసేసుకునే ఆ నిమిషాలు ఆ ఒక్కసారి ఎవరూ తీయలేదన్నమాట.

ఖాళీగా ఉన్న మంచం దగ్గర మానిటరు నుంచి ఒక కాగితం తీయించాను. నా ఫోనులో సర్వరు గది గడియారం పెట్టుకుని రెండూ పక్కపక్కన చూశాను. మిషను ఇరవై ఆరు నిమిషాలు ముందుంది. ఒక్కసారి చూసి నమ్మే రకం కాను నేను. ఇంకో మంచం దగ్గర తీయించాను, అదే తేడా. ఈ మధ్యలో ఎవరైనా గడియారం ముట్టుకున్నారా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఎవరూ ముట్టుకోలేదు. వార్డులో సిస్టర్లు వాడే కంప్యూటరు మాత్రం నా గడియారం కిందిదే. డాక్టరును పరుగున రమ్మని పిలిచినట్టు ఆ రోజు అందులో నమోదై ఉంది. అది మూడూ నలభైకి అటూ ఇటుగా ఉంది. అన్నీ సరిపోయాయి. నాలుగూ పద్నాలుగులోంచి ఇరవై ఆరు తీస్తే మూడూ నలభై ఎనిమిది. నాలుగుకు ఇవతలే. శ్రవణం.

చెప్పొద్దూ, సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్ళుగా అందరూ నవ్వుకున్న నా పట్టింపు ఇవాళ ఒక ఇల్లు నిలబెడుతోంది కదా అనుకున్నాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి సిస్టరు వెనకే వచ్చింది.

"సార్, ఆయమ్మకు ఈ టైము..." అని ఆగిపోయింది.

"ఏమ్మా?"

"ఏం లేదులే సార్. ఇల్లు నిలబడితే అంతే సాలు."

నేను ఆ మాటను చెవిలో వేసుకోలేదు. అప్పటికే సగం మెట్లు దిగాను.

టైము దిద్ది రాసివ్వమంటే సూపరింటెండెంటు మొదట ఒప్పుకోలేదు. నేను చెప్పిందంతా విని, గోడ మీద పసుపు కుంకుమల పటం వైపు ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు చూశాడు.

"రాసిచ్చిన టైము మారిస్తే రేపు ఇంకొకరు వస్తారు. మన గడియారాలు తప్పు అని మనమే ఒప్పుకున్నట్టు గదా?"

"తప్పే కదా సార్."

"నువ్వే అట్లంటే ఎట్లప్పా?"

నా నోరు ఊరుకునేది కాదు. "సార్, రాహుకాలం తగలకూడదని మీరు గడియారాన్ని ముందుకు జరిపినారు. సరే, మీ నమ్మకం మీది. ఆ జరిపిన గడియారం ఒక మనిషి చావును శ్రవణంలోంచి తీసి ధనిష్ఠలో పడేసింది. మీకు రాహుకాలమంటే అంత భయమున్నప్పుడు ఆయమ్మ ఇంటామెకు ధనిష్ఠంటే భయం ఉండదా? మీకు తగలాల్సింది తీసి ఆయమ్మ నెత్తిన పెట్టినట్టు కాలేదా?"

ఆ పూటతో నా ఉద్యోగం సరి అనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"మా అమ్మ పోయినప్పుడు మేమూ ఇల్లు మూసినాము," అన్నాడు చివరికి. "మా నాయన పక్కింటోళ్ళ వసారాలో పండుకున్నాడు. చలికాలం. ఆయనకు ఆ దగ్గు మళ్ళీ పోలే."

కలం తీసుకుని, యంత్రం గడియారంలో ఉన్న తేడా వల్ల టైము తప్పుగా పడిందనీ, పోయింది మూడూ నలభై ఎనిమిదికనీ తన చేత్తోనే రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. ఐసీయూ గడియారాన్ని కూడా దిద్దించమన్నాడు. పటాన్ని మాత్రం గోడ మీదే ఉండనిచ్చాడు.

వాళ్ళిద్దరూ కింద ఫార్మసీ ఎదుట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నా నడకలోనే తమ్ముడికి అర్థమైపోయినట్టుంది, లేచి నిలబడ్డాడు. కాగితం తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

"మూడూ నలభై ఎనిమిది. శ్రవణం. మీరు యాడికీ పోబల్లేదు."

"అక్కా! సామి నచ్చత్రం అక్కా! ఏడుకొండలోడి నచ్చత్రంలోనే పోయినాడు బావ!" అని తమ్ముడు బావురుమన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను లాక్కున్నాను. ఇంటామెకు ఇప్పుడే ఫోను చేసి చెబుతానని బయటికి పరుగెత్తాడు.

ఆమె లేవలేదు. నిజం చెప్పాలంటే ఆమె ముఖంలో సంతోషం చూద్దామని నేను అక్కడే నిలబడ్డాను. ఆమె కాగితాన్ని ఒడిలో పెట్టుకుని, సంచిలోంచి ఫోను తీసింది. అద్దం పగిలిన పాత ఫోను. వేలితో పైకీ కిందికీ జరుపుతూ ఏదో వెతుక్కుంది.

"సార్, దీంట్లో టైము సరిగ్గానే ఉంటాదా?"

"ఫోను టవరు నుంచి తీసుకుంటాదమ్మా. తప్పుండదు," అన్నాను. గర్వంగానే అన్నాను.

ఫోను నా వైపు తిప్పింది. అతను పోయిన రోజు కూతురు చేసిన ఫోను. మూడూ యాభై మూడు.

"ఈడనే నిలబడుకోని మాట్లాడినా సార్," అంది కౌంటరు వైపు చూపిస్తూ. "సూదిమందు తెమ్మని పంపినారు. లైను జాస్తిగా ఉండె. పాప చేసింది, నాయన ఎట్లుండాడు అని. బాగుండాడు మే, మందు తీసుకోని పైకి పోతాండా అని చెప్పినా."

మూడూ నలభై ఎనిమిది దాటి అప్పటికే అయిదు నిమిషాలు. అప్పుడు నాకు అర్థమైంది.

ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది, నాకు చెబుతున్నట్టు కాదు, తనకు తాను సరిచూసుకుంటున్నట్టు. "పైకి పోతానే ఆ సిస్టరమ్మ మందు తీసుకోని, లోపలికి రా అమ్మా, చెయ్యి పట్టుకో అనింది. అంతకు ముందు ఎప్పుడూ అంత దగ్గరికి రానీలే. పోయి పట్టుకున్నా. వెచ్చగానే ఉండె. రొమ్ము లేస్తా పడతా ఉండె. ఏమయ్యా, నేనొచ్చినా, పాప ఫోను చేసింది అని చెవిలో చెప్పినా. విన్నాడనుకున్నా. రవంతసేపటికి డాక్టరొచ్చి, పోయినాడమ్మా అన్నాడు. నా చేతిలోనే పోయినాడు సార్. అందరికీ అట్లనే చెప్పినా."

ఊపిరి పోసే మిషను ఆపేదాకా రొమ్ము లేస్తూ పడుతూనే ఉంటుంది, లోపల మనిషి ఉన్నా లేకున్నా. ఇంటివాళ్ళు వచ్చి చూసేదాకా దాన్ని ఆపరు. ఈ ఆసుపత్రిలో ఇన్నేళ్ళున్నవాడికి ఆ మాత్రం తెలుసు. మెట్ల దగ్గర సిస్టరు మింగేసిన మాట ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. ఫోను తప్పు కూడా చూపిస్తుందమ్మా, నమ్మొద్దు అని నోటిదాకా వచ్చింది. ఒక్క అబద్ధం. తమ్ముడు అడిగితే అంత ఎగిరిపడ్డవాడిని, ఆ క్షణాన ఎంత అబద్ధమైనా ఆడేవాడినే. కానీ ఆమె నా ముఖం చూసేసింది. నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

మా నాయన పోయినప్పుడు నేను చిత్తూరు బస్టాండులో బస్సు కోసం చూస్తున్నాను. ఆయన దగ్గర లేను. లేనని నాకు మొదటి నుంచీ తెలుసు, ఆ తెలిసినదానితోనే బతుకుతున్నాను. ఈమెకు అలా కాదు. ఉన్నానని తెలుసు. ఉన్న ఆ కాస్తా నేను పోయి, లెక్క కట్టి, ముద్ర వేయించి మరీ తీసేసి వచ్చాను. అంత బాధ నాకు ఈ ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు. పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాను.

"సార్," అంది. "నాలుగుకు ముందే పోయుండాల, నా చేతిలోనూ పోయుండాల. అట్ల రాదా సార్ లెక్క?"

"రాదమ్మా."

ఒడిలో ఉన్న కాగితాన్ని తీసి నా వైపు చాపింది. తిరిగి ఇచ్చేస్తుందనే అనుకున్నాను. ఇచ్చేయాలని నాకూ అనిపించింది, ఇల్లు పోతే పోయిందని. ఆ చేయి కాసేపు అలాగే గాలిలో ఉండి వెనక్కి పోయింది. కాగితాన్ని మడిచి, ఇంకొక మడత మడిచి, సంచి అడుక్కు తోసింది.

"పాపకు ఇల్లు కావాల గదా," అంది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది. "ఆ సిస్టరమ్మకు చెప్పొద్దండి సార్, నాకు తెలిసిందని. ఆయమ్మ మంచికే చేసింది."

చెప్పనన్నట్టు తల ఊపాను.

అప్పుడే ఆమె ఫోను మోగింది. తమ్ముడు ఇంటికి కూడా చెప్పేసినట్టున్నాడు. చేసింది కూతురు.

"ఆఁ పాపా... అవును మే, మామ చెప్పింది నిజమే. ఇల్లు యాడికీ పోదు. ఆసుపత్రోళ్ళు రాసిచ్చినారు. నాయన మంచి నచ్చత్రంలోనే పోయినాడంట."

అవతల పిల్ల ఏదో అడిగింది. ఆమె నాకు వీపు పెట్టి కౌంటరు వైపు తిరిగింది.

"ఆఁ, నా చెయ్యి పట్టుకోనే పోయినాడు. నువ్వు ఫోను చేసినావని చెప్పినా మే. విన్నాడు."